సూదికి లొంగే రేడియో

ఎక్స్‌బీ అనే రేడియో మాడ్యూల్ రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు కూడా ఉండదు. బరువు 3 గ్రాములు. అడుగున రెండు వరుసల్లో 20 కాళ్లు, కాలికీ కాలికీ మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో వాడే బ్రెడ్‌బోర్డులో రంధ్రాల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. కాబట్టి ఎలక్ట్రానిక్స్ చదువుకునేవాళ్లకే ఇది నేరుగా కూర్చోదు, మధ్యలో ఇంకో పలక పెట్టుకోవాలి. అలాంటిదాన్ని చొక్కా మీద సూదీ దారంతో కుట్టమంటే ఏం చేయాలి? లోహపు దారానికి నూగు ఎక్కువ. 2 మిల్లీమీటర్ల ఎడంలో రెండు దారాలు పక్కపక్కన పోతే, మోచెయ్యి ఒక్కసారి మడిచేసరికి ఆ నూగు ఒకదానికొకటి తగులుకుంటుంది. కరెంటు షార్టవుతుంది.

కేట్ హార్ట్‌మన్, రాబ్ ఫలూది అనే ఇద్దరు డిజైనర్లు ఈ చిక్కును విప్పడానికి కూర్చున్నారు. అంతకుముందు వీళ్లు మరికొందరితో కలిసి, కుండీలో మన్ను ఎండిపోతే మొక్కే యజమానికి ఫోన్ చేసే ‘బొటానికాల్స్’ అనే సరదా ఏర్పాటు చేశారు. అప్పటికే ఎక్స్‌బీతో వాళ్లకు మంచి పరిచయం. గుడ్డ మీదికి దాన్ని ఎక్కించడానికి వాళ్లు చేసిన పలక పేరు లిలీప్యాడ్ ఎక్స్‌బీ. అమెరికాలోని స్పార్క్‌ఫన్ సంస్థ దాన్ని అమ్మింది. గుండ్రటి పలచటి పలక, మధ్యలో మాడ్యూల్ గుచ్చుకునే సాకెట్లు, అంచు చుట్టూ దారం దూరేంత పెద్ద రంధ్రాలు. పైకి చూస్తే అంతే. కానీ ఇందులో అసలు పనంతా ఒక సరిహద్దు గీయడంలో ఉంది. దారానికి ఏ పని అప్పజెప్పాలి, ఏ పని దాని చేతికి ఇవ్వకూడదు అన్నదే ఆ సరిహద్దు. ఉడుపుల్లో కుట్టే ఏ రేడియో పలక బాగా పనిచేసినా, చెడినా కారణం సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

ముందు ఈ పలకల పుట్టుక చెప్పుకోవాలి. కొలరాడో విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేస్తున్న లియా బ్యూక్లీ, గుడ్డ మీద కుట్టుకునే కంప్యూటర్ కిట్టు ఒకటి తయారుచేసింది. తొలి నమూనాల్లో పలక కూడా గుడ్డే. దాన్ని స్పార్క్‌ఫన్ వాళ్లతో కలిసి గట్టి పలకగా మార్చి 2007లో బజారుకు తెచ్చారు. అదే లిలీప్యాడ్ ఆర్డుయినో, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ పలకకు కుట్టు రూపం. వ్యాసం సుమారు 5 సెంటీమీటర్లు. మామూలు సర్క్యూట్ బోర్డు మందం 1.6 మిల్లీమీటర్లయితే దీనిది అందులో సగం, 0.8 మిల్లీమీటర్లు. చుట్టూ 22 రేకులు, ఒక్కో రేకుకూ ఒక రంధ్రం. గుండ్రంగా చేయడం అందానికే అనుకుంటే పొరపాటు. నాలుగు మూలలుంటే అవి గుడ్డను పట్టి పీకుతాయి, ఒంటికి గుచ్చుకుంటాయి. పైగా రేకులు చుట్టూ విచ్చుకుని ఉంటే దారాలన్నీ తలో దిక్కుకు పోతాయి, ఒకదాన్నొకటి దాటే అవసరం తగ్గుతుంది. గుడ్డ మీద వైరింగ్‌లో తప్పించుకోవాల్సిన మొదటి ఆపద దారాలు ఒకదాన్నొకటి దాటడమే.

సైకిల్ తొక్కేటప్పుడు వీపు మీద కుడి, ఎడమ బాణాలు వెలిగే జాకెట్టును బ్యూక్లీ దీంతోనే కుట్టింది. ఆమె, బెంజమిన్ మాకో హిల్ కలిసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. మామూలు ఆర్డుయినోతో పనులు చేసి చూపించినవాళ్లలో ఆడవాళ్లు దాదాపు లేరు. లిలీప్యాడ్‌తో చేసినవాళ్లలో మాత్రం వాళ్లే ఎక్కువ. రెండింటిలోనూ ఉన్న చిప్పు ఒకే కుటుంబానిది. మారింది దాన్ని అతికే పద్ధతి, టంకం స్థానంలో సూది. ఆడపిల్లలకు ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి తక్కువని తేల్చేసే పెద్దలకు ఈ ఒక్క అధ్యయనం చాలు.

అయితే లోహాన్ని బట్టలో నేసి కరెంటు పంపాలన్న ఆలోచన లిలీప్యాడ్‌కు పదేళ్ల ముందుదే. 1997 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబులో రెహ్మీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ అనే పరిశోధకులు బట్టలోనే సర్క్యూట్లు చేయడానికి సరైన గుడ్డ కోసం వెతికారు. వాళ్లకు నచ్చింది పలచటి పట్టు ఆర్గంజా. పడుగు అంతా మామూలు పట్టు. పేకలో మాత్రం పట్టుపోగు చుట్టూ సన్నటి రాగి రేకు చుట్టిన దారం. పాతకాలపు టెలిఫోను తీగ తయారయ్యే తీరే అది. పోగుకూ పోగుకూ మధ్య సందు ఉంటుంది కాబట్టి ఒక్కో పోగూ విడి తీగలా పనిచేస్తుంది. ఇలాంటి గుడ్డను ఇండియాలో అలంకారం కోసం కనీసం వందేళ్లుగా నేస్తున్నారని వాళ్లు తమ పరిశోధన పత్రంలోనే రాశారు. గద్వాల, వెంకటగిరి, ధర్మవరం చీరల అంచులు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. అసలు జరీ అంటే పట్టుపోగు మీద చుట్టిన వెండి తీగ, దానిపై బంగారు పూత. మన అమ్మమ్మల పెట్టెల్లో మడతపెట్టి ఉన్నది నిజానికి మంచి విద్యుత్ వాహకం.

ఇప్పటి జరీని చూసి మాత్రం అదే అనుకోవద్దు. మగ్గం వర్కుకు దుకాణంలో ఇచ్చే మెరుపు దారాల్లో చాలావరకు ప్లాస్టిక్ పొర మీద లోహం పూసి, మెరుపు పోకుండా పైన మళ్లీ రక్షణ పూత వేసినవే. అలాంటిదానికి మల్టీమీటర్ ముళ్లు ఆనిస్తే ముల్లు కదలదు. మెరిసేదంతా కరెంటును పారనివ్వదు.

అందుకే ఈ పనికి విడిగా దారాలున్నాయి. ఎక్కువగా వాడేవి రెండు రకాలు. ఒకటి స్టెయిన్‌లెస్ స్టీలు నారలు పేనింది, రెండోది నైలాను దారానికి వెండి పూసింది. స్టీలు దారానికి తుప్పు భయం లేదు, ఉతికినా నిలుస్తుంది. కానీ బిరుసు, ముడి వేస్తే నిలవదు. వెండి నైలాను మెత్తగా సాగుతుంది, మిషను మీద కూడా నడుస్తుంది. కానీ చెమటకు, గాలికి నల్లబడుతుంది, ఉతికేకొద్దీ పూత అరుగుతుంది. ఇక రెండిటికీ ఉన్న లోపం నిరోధం. మూడు పోగుల స్టీలు దారానికి అడుగుకు సుమారు 10 ఓములు. సన్నటి వెండి నైలానుకైతే 80 ఓముల దాకా ఉంటుంది. మామూలు రాగి తీగకు అదే అడుగు పొడవుకు ఓములో ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. బల్బు ఒకటి మినుకుమనడానికైతే ఈ తేడా ఎవరికీ పట్టదు. ఎల్ఈడీ కాస్త మసకగా వెలుగుతుంది, అంతే. రేడియో దగ్గరకు వచ్చేసరికే లెక్క బిగుసుకుంటుంది.

ఆ లెక్క వేసి చూద్దాం. తొలి తరం ఎక్స్‌బీ మాట్లాడేటప్పుడు 45, వినేటప్పుడు 50 మిల్లీఆంపియర్ల కరెంటు లాగుతుంది. దానికి 2.8 నుంచి 3.4 వోల్టుల మధ్య కావాలి. బ్యాటరీ నడుము దగ్గర, రేడియో దానికి అడుగు పైన ఉన్నాయనుకోండి. వెళ్లే దారం 10 ఓములు, తిరిగొచ్చే దారం 10 ఓములు. ఇరవై ఓముల గుండా 50 మిల్లీఆంపియర్లు పారితే దారిలోనే 1 వోల్టు పోతుంది. బయల్దేరినప్పుడు 3.3 ఉన్నది చేరేటప్పటికి 2.3. కాలువ తల దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా ఆయకట్టు చివరి రైతుకు తడి అందదే, రేడియోకూ అదే గతి. ఇంకా తిప్పలేమిటంటే, రేడియో నిద్రలో ఉన్నప్పుడు కరెంటు దాదాపు లాగదు కాబట్టి నష్టమూ ఉండదు, మల్టీమీటర్ పెడితే 3.3 వోల్టులు చక్కగా కనిపిస్తాయి. అది మేలుకుని మాట్లాడబోయిన క్షణంలోనే వోల్టేజి కుప్పకూలుతుంది, చిప్పు రీసెట్ అవుతుంది. మళ్లీ మేలుకుంటుంది, మళ్లీ పడుతుంది. కొత్తగా కుట్టినవాళ్లు ప్రోగ్రాములో తప్పు ఉందని గంటలు గంటలు వెతుకుతారు. తప్పు దారంలో ఉంటుంది.

దీనికి డిజైనర్ల మందు వోల్టేజి రెగ్యులేటర్‌ను రేడియో పలక మీదే పెట్టడం. దారం గుండా 5 వోల్టులు పంపితే, దారిలో ఒకటి పోయినా నాలుగు చేరతాయి. దాన్ని చివర్లో, మాడ్యూల్ పక్కనే 3.3కు దించుకుంటే దారం తినేసిన వోల్టు గురించి రేడియోకు తెలియనే తెలియదు. పక్కన ఒక కెపాసిటర్ పెడితే, రేడియో ఉన్నట్టుండి మేలుకున్నప్పటి మొదటి గుటకకు అది ఆసరా. వీటితోపాటు కుట్టేవాళ్లు చేసుకునే ఉపాయమూ ఒకటుంది. పవరు దారాన్ని రెండు మూడు వరుసలు కుడతారు. రెండు వరుసలైతే నిరోధం సగం, మూడైతే మూడో వంతు. నన్నడిగితే అన్నిటికన్నా మంచి ఉపాయం బ్యాటరీని రేడియో పక్కనే పెట్టుకోవడం. దారం పొడవు తగ్గించడాన్ని మించిన ఇంజినీరింగ్ లేదు.

ఇప్పుడు అదే దారం గుండా సమాచారం పంపి చూడండి. కథ పూర్తిగా తిరగబడుతుంది. కంట్రోలర్, రేడియో మాట్లాడుకునేది సెకనుకు 9600 బిట్ల వేగంతో. ఒక్కో బిట్టూ దాదాపు 104 మైక్రోసెకన్లు నిలుస్తుంది. వినే పిన్ను లాగే కరెంటు మైక్రోఆంపియర్లలోనే. కాబట్టి 10 ఓములున్నా, 100 ఓములున్నా అక్కడ పోయే వోల్టేజి లెక్కలోకి రాదు. దారానికీ ఒంటికీ మధ్య ఉండే కొద్దిపాటి కెపాసిటెన్స్ సంకేతాన్ని ఆలస్యం చేసినా, ఆ ఆలస్యం నానోసెకన్లలో ఉంటుంది. లక్ష నానోసెకన్లు నిలిచే బిట్టుకు అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదే దారం, అవే ఓములు. శక్తిని మోయమంటే చతికిలబడుతుంది, మాటను మోయమంటే నిక్షేపంగా మోస్తుంది. కుట్టే పలకల రూపకల్పనంతా ఈ తేడా మీద నిలబడి ఉంది.

ఇక 20 కాళ్లలో ఎన్నింటికి రేకులివ్వాలి? అన్నింటికీ ఇస్తే పలక అప్పడమంత అవుతుంది, లేదా రేకుల మధ్య ఎడం చాలదు. పవరు, గ్రౌండు తప్పవు. మాట పంపే పిన్ను, వినే పిన్ను కావాలి. తర్వాతి వరుసలో సెన్సార్లు తగిలించుకునే కొన్ని పిన్నులు. ఎందుకంటే తొలి తరం ఎక్స్‌బీకి ఒక మంచి గుణం ఉంది. కంట్రోలర్ అవసరం లేకుండానే తన కాలికి తగిలించిన బటన్నో, వంపు కొలిచే సెన్సారునో నేరుగా చదివి, ఆ విలువను అవతలి ఎక్స్‌బీ కాలి మీద అలాగే చూపించగలదు. చేతి తొడుగు మీద వేలు వంచితే ఎదుటి మనిషి చొక్కా మీద దీపం వెలగాలంటే ఇద్దరి దగ్గరా చెరో రేడియో చాలు, ప్రోగ్రాము రాసే పనే లేదు. నాట్యానికి, నాటకానికి ఉడుపులు కుట్టేవాళ్లకు ఇది పెద్ద సుఖం. ఇంకో జాగ్రత్త ఉంది. కంట్రోలర్ 5 వోల్టుల మీద నడుస్తుంటే దాని సంకేతం రేడియో కాలికి నేరుగా తగలకూడదు, 3.3కు మించితే ఎక్స్‌బీ భరించలేదు. ఆ దించే పని కూడా పలక మీదే జరిగిపోతే కుట్టేవాళ్లకు ఒక బెంగ తీరినట్టే.

కుట్టు దగ్గరికి వద్దాం. సూది గుడ్డ అడుగు నుంచి పైకి రేకు రంధ్రంలోంచి రావాలి, రేకు అంచు మీదుగా బయటికి దిగి మళ్లీ గుడ్డలోకి పోవాలి. ఒక చుట్టు చాలదు. మూడు నాలుగు చుట్లు, ప్రతి చుట్టుకూ దారాన్ని బిగించి లాగాలి. గుండీ కుట్టే అలవాటున్న చెయ్యి ఇక్కడ తప్పు చేస్తుంది. గుండీకి గుడ్డకూ మధ్య కాస్త సందు వదిలి, దారంతో మెడ చుడతారు. ఇక్కడ ఆ సందే శత్రువు. రేకు మీది లోహాన్ని దారం గట్టిగా ఒరుసుకుని ఉంటేనే కరెంటు పారుతుంది. ఈ అతుకులో టంకం లేదు, జిగురు లేదు, ఉన్నదల్లా బిగువు. తర్వాత కచ్చా కుట్టుతో ముందుకు పోయి రెండో రేకు చేరి, అక్కడా అలాగే చుట్టి, ముడి వేసి, ముడి మీద ఒక బొట్టు గోళ్ల రంగు. అది ఆరాక తోకను ముడి దాకా కత్తిరించాలి. సెంటీమీటరు తోక మిగిలితే చాలు, ఎప్పుడో ఒకప్పుడు అది పక్క రేకును తాకి తీరుతుంది. మిషను వాడితే ఈ దారాన్ని పైన కాకుండా కింద బాబిన్‌లో చుట్టుకుంటారు. సూది కంట్లోంచి గంటకు వేలసార్లు రాసుకుపోయే బాధ దానికి తప్పుతుంది.

కుట్టు అయ్యాక బల్ల మీద పరిచి మల్టీమీటర్‌తో చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. బల్ల మీద పరిచిన చొక్కా ఎవరూ తొడుక్కోరు కదా. రెండు ముళ్లూ రెండు చివర్లకు పెట్టి, గుడ్డను నలిపి, మెలిపెట్టి, సాగదీసి చూడాలి. 9 ఓములున్నది 14కు ఎగిరి మళ్లీ 9కి వస్తే ఏదో ఒక రేకు వదులుగా ఉన్నట్టు. గట్టి పలక అంతమై మెత్తటి గుడ్డ మొదలయ్యే గీత మీదే ఒత్తిడంతా పడుతుంది, దారాలు తెగేదీ అక్కడే. పలక కింద లైనింగుగా బిగువైన గుడ్డ ముక్క ఒకటి వేస్తే ఆ మడత కొంత నెమ్మదిస్తుంది.

ఇంతవరకు దారం చేయగలిగిన పనులు. ఇప్పుడు దాన్ని దరిదాపులకు రానివ్వకూడని చోటు. ఎక్స్‌బీ, బ్లూటూత్, వైఫై ఎక్కువగా నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. ఆ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. యాంటెన్నాకు సాధారణంగా అందులో పావు వంతు, అంటే 3 సెంటీమీటర్ల పైచిలుకు లోహం చాలు. దీని అర్థం ఏమిటంటే, చొక్కాలో 3 సెంటీమీటర్ల లోహపు కుట్టు ఎక్కడున్నా అదీ ఒక యాంటెన్నాయే. అసలు యాంటెన్నా పక్కన ఇలాంటి కుట్టు ఒకటి పోతే, తరంగంలో కొంత దాని మీదికి ఎక్కి ఓముల్లో వేడిగా మారిపోతుంది, యాంటెన్నా శ్రుతి కూడా చెడుతుంది. అందుకే పలక గీసేవాళ్లు యాంటెన్నాను ఒక అంచుకు తోసేసి, దాని కింద రాగి పొర తీసేసి, ఆ పక్క రేకులు పెట్టరు. గీతలో చేసిన ఈ జాగ్రత్తంతా కుట్టేవాళ్లు ఒక్క అలంకారపు జరీ గీతతో పాడుచేయగలరు. సిసలైన లోహపు జరీ అంచు మీద, అందులోనూ యాంటెన్నా పైనే, పోయేలా కుట్టిన పలక మూగపోతే ఆశ్చర్యం లేదు.

దారం కన్నా పెద్ద అడ్డంకి ఆ బట్టలో ఉన్న మనిషి. ఒంట్లో సగానికి పైగా నీరే. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నీరు రేడియో శక్తిని బాగా పీల్చుకుంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఈ చుట్టుపక్కల, 2.45 దగ్గరే. కండరంలోకి చొచ్చుకున్న తరంగం రెండు సెంటీమీటర్ల చిల్లరకే తన శక్తిలో ఏడో వంతుకు పడిపోతుంది. ఛాతీ దాటి వీపు నుంచి బయటికి రావడం అన్నది జరగని పని. రొమ్ము మీద పెట్టిన రేడియో వీపు వెనక ఉన్నవాళ్లకు వినపడాలంటే తరంగం ఒంటి చుట్టూ పాకుతూ పోవాలి, లేదా గోడకు తగిలి తిరిగిరావాలి. దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. గదిలో, నాలుగు గోడల మధ్య పరీక్షిస్తే అంతా భేషుగ్గా ఉంటుంది. అదే ఉడుపును ఆరుబయట మైదానంలో వేసుకుని వెనక్కి తిరిగితే లింకు తెగుతుంది. మామూలుగా ఇంట్లో కన్నా బయట రేడియో దూరం పోతుంది అనుకుంటాం. ఎక్స్‌బీ కాగితం మీద కూడా అలాగే ఉంటుంది, లోపల 30 మీటర్లు, ఆరుబయట 100. ఆ 100 మీటర్లు మనిషి అడ్డం లేనప్పటి సంగతి. ఎక్స్‌బీ కాళ్లలో ఒకటి అందిన సంకేతం బలాన్ని చూపిస్తుంది. దానికి ఒక ఎల్ఈడీ తగిలించి, మనిషిని నెమ్మదిగా చుట్టూ తిరగమంటే దీపం హెచ్చుతగ్గులతో ఒంటి నీడ ఎక్కడ పడుతోందో కళ్లారా కనిపిస్తుంది.

కాబట్టి ఎక్కడ కుట్టాలన్నది డిజైనులో భాగమే. భుజం పైభాగం మంచిది, చుట్టూ ఖాళీ. జబ్బ బయటివైపు ఫరవాలేదు. చంక, నడుము లోపలి భాగం, ప్యాంటు జేబు పనికిరావు. యాంటెన్నా చర్మానికి ఆనుకుని ఉంటే దాని శ్రుతి కిందికి జారుతుంది. అర సెంటీమీటరు మందం స్పాంజి ముక్క అడుగున వేసినా ఎంతో తేడా వస్తుంది. అదే స్పాంజి చెమటకు నానితే మళ్లీ మొదటికే. ఎక్స్‌బీల్లో కొన్నింటికి బయటికి పొడుచుకొచ్చే తీగ యాంటెన్నా, కొన్నింటికి చిప్పు యాంటెన్నా ఉంటాయి. తీగది కాస్త మెరుగు, కానీ మెడకు గుచ్చుకుంటుంది, దుపట్టాకు చిక్కుకుంటుంది. ఒంటి మీదికి చిప్పుదే నయం.

ఒంటి మీద రేడియో అంటే ఆరోగ్యం మాట అడగనివాళ్లుండరు. తొలి తరం ఎక్స్‌బీ పంపే శక్తి 1 మిల్లీవాట్. చెవికి ఆనించుకునే సెల్‌ఫోను పంపగలిగేది దానికి వందల రెట్లు. ఫోన్ల మీద మన దేశం 2012 నుంచి అమలు చేస్తున్న పరిమితి కిలో కణజాలానికి 1.6 వాట్లు. ఆ లెక్కలో ఈ పలక దూరంగా ఒక మూలన ఉంటుంది. నిజంగా భయపడాల్సింది బ్యాటరీకి. లిథియం పాలిమర్ సంచీ మెత్తగా ఉందని బట్ట మడతలో దాన్ని కుట్టేస్తే, సూదిపోటు పడినా, మడత పడి చిట్లినా నిప్పే. దానికి గట్టి జేబు, తీసిపెట్టుకునే వీలు రెండూ ఉండాలి.

బ్యాటరీ లెక్క కూడా చిన్నదేం కాదు. 110 మిల్లీఆంపియర్ గంటల చిన్న లిథియం బ్యాటరీ, 50 మిల్లీఆంపియర్లు లాగే రేడియోను రెండు గంటలకు మించి మోయదు. నాణెమంత గుండీ బ్యాటరీలో సరుకు రెట్టింపు ఉన్నా, దాని లోపలి నిరోధం వల్ల ఒకేసారి అంత కరెంటు ఇవ్వలేక చేతులెత్తేస్తుంది. దారి ఒక్కటే, రేడియోను నిద్రపుచ్చడం. సెకనుకు 20 మిల్లీసెకన్లు మాత్రమే మేలుకుంటే సగటు కరెంటు 1 మిల్లీఆంపియర్‌కు దిగుతుంది. అదే బ్యాటరీ నాలుగు రోజుల పైన వస్తుంది. 2010లో తక్కువ శక్తి బ్లూటూత్ ప్రమాణం వచ్చాక ఈ నిద్ర విద్యే ప్రధానమైంది. న్యూయార్క్‌లో లిమోర్ ఫ్రైడ్ నడిపే ఆడాఫ్రూట్ సంస్థ ఫ్లోరా అనే గుండ్రటి కుట్టు పలక, దానికి తోడుగా బ్లూటూత్ పలక తెచ్చింది. అందులోని నార్డిక్ చిప్పు మేలుకున్నప్పుడు లాగేది 10 మిల్లీఆంపియర్ల చుట్టుపక్కలే. ఓముల బాధ అక్కడికక్కడే ఐదో వంతుకు తగ్గింది, అవతల ఇంకో ఎక్స్‌బీ బదులు జేబులో ఫోను చాలు. ఎక్స్‌బీకి మిగిలిన ఆధిక్యం ఒకటుంది, సాకెట్లోంచి ఊడదీయొచ్చు. ఉడుపు ఉతకాలంటే మాడ్యూల్, బ్యాటరీ పక్కన పెట్టి, మిగతాది సబ్బు నీళ్లలో చేత్తో జాడించి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఉండగా కరెంటు ఇస్తే రేకుల మధ్య ఉప్పు నీరు కొత్త దారులు తెరుస్తుంది.

మన దగ్గర వీటిని తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. అదే ఎక్స్‌బీ పేరుతో 900 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు కూడా అమ్ముతారు. తరంగం పొడవు ఎక్కువ, ఒంటి చుట్టూ మెరుగ్గా పాకుతుంది, దూరమూ పోతుంది. కానీ అమెరికాలో లైసెన్సు లేకుండా వాడుకునే 902 నుంచి 928 దాకా ఉన్న ఆ పట్టీ మన దేశంలో ఖాళీగా లేదు. అందులో కొంత మొబైల్ ఫోన్లు టవరుతో మాట్లాడే చోటు. ఇక్కడ లైసెన్సు అక్కర్లేనివాటిలో ఈ పనికి వచ్చేవి ముఖ్యంగా 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ, 865 మెగాహెర్ట్జ్ దగ్గరి చిన్న పట్టీ. రెండింటికీ 2005లో అనుమతులిచ్చారు, రెండోదాన్ని 2021లో 868 దాకా పొడిగించారు. రేడియో ఉన్న వస్తువును తెచ్చి అమ్మాలంటే టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం దగ్గర పరికరానికి ఆమోదం కూడా ఉండాలి. హైదరాబాదులో కూర్చుని విదేశీ వెబ్‌సైట్లో ఆర్డరు పెట్టేటప్పుడు మొదట చూడాల్సింది ధర కాదు, ఈ మెగాహెర్ట్జ్ అంకె.

ఇంతసేపూ దారాన్ని యాంటెన్నా పక్కకే రానివ్వొద్దన్నాం. ఆ దారంతోనే యాంటెన్నా కుట్టినవాళ్లూ ఉన్నారు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జాన్ వొలాకిస్, అసిమినా కియూర్తి బృందం వెండి పూసిన రాగి నారలు ఏడు కలిపి, 0.1 మిల్లీమీటరు మందం ఉన్న దారంతో కంప్యూటర్ నడిపే ఎంబ్రాయిడరీ మిషను మీద యాంటెన్నాలు కుట్టి చూపింది. కుట్టు కచ్చితత్వమూ 0.1 మిల్లీమీటరే. స్టీలు దారం ఓడిపోయిన చోట ఇది గెలవడానికి కారణం రాగి, అంతకన్నా ముఖ్యంగా కుట్టు చిక్కదనం. పోగుకు పోగు ఆనుకుని నిండుగా పరుచుకుంటే తరంగానికి అది దారాలుగా కాక రేకుగా కనిపిస్తుంది. గీత అంచు అటూ ఇటూ జరిగితే శ్రుతి మారుతుంది కనుకనే అంత కచ్చితత్వం కావాల్సి వచ్చింది. చేతికుట్టుకు అది అందేది కాదు. అలా కుట్టిన యాంటెన్నాకైనా రేడియో చిప్పు మాత్రం గట్టి పలక మీదే ఉంది. గుడ్డ యాంటెన్నా అంచున ఒక లోహపు కనెక్టర్ బిగించి, అక్కడి నుంచి కేబుల్ లాగితేనే రెండూ కలుస్తాయి.